బూటు పట్టీ పట్టుకుని పైకి లేవడం

రాజాంలోని ఒక ఇంజనీరింగు కళాశాలలో నేను భౌతికశాస్త్రం చెబుతాను. కంపెనీలు ఉద్యోగాలివ్వడానికి వచ్చే రోజుల్లో చివరి సంవత్సరం పిల్లలకు నమూనా ఇంటర్వ్యూలు చేసే పని కూడా నా మీద పడుతుంది. ఒక ఏడాది ఇంగ్లీషు నేర్పడానికి వచ్చిన శిక్షకుడు, కలిమిలేముల మీదా, పైకి రావడం మీదా ఇంగ్లీషువాళ్లు వాడే నుడికారాలను పిల్లలచేత వల్లె వేయించాడు. మామూలు మాటల్లో చెబితే అభ్యర్థి ఎవరికీ గుర్తుండడట. ఎన్ని ఇంటర్వ్యూలు గమనించి ఆ నిర్ణయానికి వచ్చారని అడిగితే నవ్వి, బోర్డు మీద తర్వాతి నుడికారం రాశాడు.

నుడికారాలను మాత్రం నేను ఒక్కొక్కటిగా పరీక్షించాను. కలవారింటి బిడ్డ నోట్లో వెండి చెంచాతో పుట్టాడంటారు. పుట్టుక ఎవరి ప్రతిభా కాదని ఒప్పుకుంటున్న మాట కనుక దానితో నాకు పేచీ లేదు. పై పదవి కంటికి కనిపిస్తున్నా చేతికి అందనివ్వని అడ్డును గాజు పైకప్పు అంటారు. స్టాఫ్‌రూములో మా ఆడవాళ్లకు దాన్ని వివరించాల్సిన అవసరమే రాలేదు. నాకు మింగుడు పడనిది మూడోది. ఎవరి సాయమూ లేకుండా ఎదిగినవాణ్ణి, తన బూటు పట్టీ తానే పట్టుకుని తనను పైకి లాక్కున్నాడంటారు.

కళింగపట్నం నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న ఒక అమ్మాయికి శిక్షకుడు ఈ నుడికారాన్నే కేటాయించాడు. చేపలు పట్టే ఇంటి పిల్ల ఇంత చదువు చదివి ఆ మాట అంటే కంపెనీవాళ్లు ముచ్చటపడతారని ఆయన అంచనా. ఆ ఉద్యోగం ఆమెకు ఎంతో అవసరం. పదో తరగతితో చదువు మానేసిన అక్క, రొయ్యలు వలిచే షెడ్డులో రోజంతా ఐసునీళ్లలో చేతులు పెట్టి ఆమెను చదివిస్తోంది. చెల్లెలికి ఉద్యోగం వస్తేగానీ అక్క ఆ పని మానే వీలు లేదు.

ఇంటర్వ్యూకు ముందురోజు ఆ అక్క కొత్త చుడీదారు తీసుకుని కళాశాలకు వచ్చింది. అప్పుడు నేనూ ఆ అమ్మాయీ ప్రయోగశాలలో ఉన్నాం. ఆ నుడికారం ఎంతవరకు సాధ్యమో చూద్దామని, అమ్మాయిని బరువు చూసే యంత్రం మీద నిలబెట్టి, వంగి తన చెప్పుల పట్టీలు పైకి లాగమన్నాను. ముల్లు కాసేపు ఊగి, మొదట ఉన్నచోటికే వచ్చి ఆగింది. చేతులు చెప్పును ఎంత పైకి లాగితే, చెప్పు చేతుల్ని అంతే కిందికి లాగుతుంది. మనిషి లేవాలంటే బయటినుంచి ఒక బలం కావాలి.

గుమ్మంలో నిలబడి చూస్తున్న అక్క, "ఏటే, సదువు సాలక సర్కస్సు కూడా నేర్పుతన్నారేటి?" అంది.

చెల్లెలు యంత్రం దిగి, రేపు చెప్పవలసిన మాటనూ దాని అర్థాన్నీ వివరించింది. అక్క నొచ్చుకుంటుందని నేను అనుకున్నాను. నొచ్చుకోలేదు.

"బాగున్నాది. సెప్పెయ్."

"అబద్దం కదప్పా! నన్ను సదివించింది నువ్వు."

"ఫీజు కట్టినాను. పరీక్షలు నానొచ్చి రాసినానా?"

"మనూర్లో అందరూ కలిసి ఒడ్డుకి పెద్దవల లాగినప్పుడు, ఆఖర్న వొచ్చి తాడు పట్టినోడికి కూడా వాటా పెడతారు. నువ్వు మొదట్నుంచీ పట్టినావు కదప్పా?"

"వాటా అంటే సేప. సేప పెట్టు, తింటాను. మాటెందుకే నాకు? తాడు పట్టినోళ్ల పేర్లన్నీ సదువుతా కూసుంటే నీ ఇంటర్వ్యూ ఎప్పుడవుతాది? మీరైనా సెప్పండి మేడమ్, ఈ గుంటకి బుద్ధి లేదు."

బయటి బలం అవసరమని యంత్రం చూపించగలిగింది. కానీ ఆ అమ్మాయి ఎదుగుదలలో తన పాలు ఎంత, అక్క పాలు ఎంత అని తూచే సాధనం నా దగ్గర లేదు. పరీక్షలు రాసింది నిజంగానే ఆ అమ్మాయే. అందువల్ల అక్క వాదనను కొట్టిపారేయడం న్యాయం అనిపించలేదు.

"ఎదురు ప్రశ్న వేస్తే నువ్వు నిలబడగలిగే మాటే చెప్పు" అని మాత్రం చెల్లెలితో అన్నాను.

మర్నాడు ఇంటర్వ్యూ గది బయట బెంచీ మీద అక్క పక్కన నేనూ కూర్చున్నాను. ఆమె షెడ్డుకు సెలవు పెట్టి ఆగిపోయింది. చెల్లెలు బయటికి రాగానే లేచి, "సెప్పినావా?" అని అడిగింది.

"నీ గురించి సెప్పినాను. మా అప్ప లాగితే ఇక్కడిదాకా వొచ్చినానని."

"ఓసి నీ మొకం మండ! ఇన్నేళ్ల సదువూ నా పేరెట్టి ముంచేసినావు కదే!" అంటూ అక్క చున్నీతో ఒక్కటి వేసింది. బస్టాండు దాకా ఇద్దరూ పోట్లాడుకుంటూనే నడిచారు.

ఉద్యోగం వచ్చింది. అక్క గురించి చెప్పినందువల్లే వచ్చిందని నా సహోద్యోగులు అంటారు. నేను అనలేను. ఆ మాట తీసేసి అదే ఇంటర్వ్యూ మళ్లీ జరిపి చూసే వీలు లేదు కదా. షెడ్డు మానేసిన రోజున అక్క నాకు ఫోన్ చేసింది. ఆమెకు మాత్రం ఏ అనుమానమూ లేదు.

"నా పేరు సెప్పినా కూడా ఇచ్చేసినారు మేడమ్! ఎంత మంచోళ్లో సూడండి."