అగరుబత్తి పొగ వంగిన చోటు

పోయిన వారం కారు సర్వీసింగుకి ఇచ్చాను. అక్కడ పనిచేసే ఒకమ్మాయి స్టీరింగు కింద ఏదో వైరు గుచ్చి, చేతిలోని తెర చూసుకుని, అయిదు నిమిషాల్లో జబ్బు పేరు చెప్పేసింది. బానెట్ ఎత్తనైనా లేదు. ఆ పిల్ల తెలివికి ముచ్చటపడుతూనే ఉన్నాను గానీ, మనసు మాత్రం మా మామగారి దగ్గరికీ, షేక్‌పేట మెకానిక్ దగ్గరికీ వెళ్లిపోయింది. బిల్లు తయారయిందని రెండుసార్లు పిలిస్తే గానీ కుర్చీలోంచి లేవలేదు.

మాదాపూర్‌లో బండలు పేల్చి అద్దాల మేడలు కడుతున్న రోజులవి. నేనూ అలాంటి ఒక మేడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో కొత్తగా చేరాను. కాపురం ఫిలింనగర్‌లో, అత్తమామలతో. మామగారు సినిమాలకు ప్రొడక్షన్ మేనేజరుగా చేసి, మద్రాసు నుంచి పరిశ్రమతో పాటే తట్టాబుట్టా సర్దుకుని వచ్చి, ఇక్కడ రిటైరయ్యారు. ఆయనకు మిగిలిన ఉద్యోగమల్లా పొద్దున్నే నన్ను ఆఫీసులో దించడం. దానికే ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. మాది పాత కార్బ్యురేటర్ కారు. దారి పొడుగునా జూబ్లీహిల్స్ బంగళాలు చూపిస్తూ, "ఆ మెట్లు చూశావా అమ్మాయ్? పదకొండుమంది హీరోయిన్లు వాటి మీంచి ఏడుస్తూ దిగారు. మెట్లు అవే, కర్టెన్లు మార్చేవాళ్లం" అనేవారు. ఏ బంగళాలో ఏ పెళ్లి ఆగిపోయిందో, ఏ బాల్కనీలోంచి ఏ విలన్ పడ్డాడో ఆయనకు కంఠతా వచ్చు. సొంతంగా అక్కడ ఉండేవాళ్లెవరో మాత్రం ఒక్కరి సంగతీ తెలీదు. ఆ అరగంటా ఆయన మళ్లీ పనిలో ఉన్న మనిషి. ఇంటికెళ్లి పేపరు చదివితే రిటైరయిన మనిషి.

ఆ చలికాలం మొదట్లో కారు పేచీ పెట్టింది. పరుగెడుతున్నంతసేపూ బంగారం. సిగ్నల్ దగ్గర ఆగిందా, ఇంజను ఒకసారి గుర్రుమని, మరుక్షణం నీరసపడి, చలిజ్వరం వచ్చినట్టు వణికి ఆగిపోయేది. మా కొండదారుల ఎత్తుపల్లాలు తెలిసినవే కదా. ఒకరోజు ఎత్తులో ఆగిపోయి, వెనక్కి జారి, ఒక స్కూటర్ చక్రానికి తగిలింది. దెబ్బలేం తగల్లేదు. ఆ స్కూటరాయన మాత్రం, "గీ వయసుల నీకు బండెందుకు పెద్దాయనా?" అని కేకలేశాడు. మామగారు ఆ పూట బంగళాల కబుర్లు చెప్పలేదు.

రెండు షెడ్లలో చూపించాం. ఒకచోట ప్లగ్గులు మార్చారు, ఇంకోచోట పెట్రోల్లో గాలి కలిపే కార్బ్యురేటర్ కడిగారు. రెండ్రోజులు బుద్ధిగా ఉండి మళ్లీ మొదటికే వచ్చింది. చిత్రమేమిటంటే మావారు నడిపితే ఒక్కసారీ ఆగదు! ఇంకేం, కేసు తేలిపోయింది. ఆదివారం ఇడ్లీల దగ్గర ఇంటిల్లిపాదీ కూర్చుని లోపం బండిలో లేదు, మామగారి కాలులో ఉందని తీర్పు చెప్పాం. సోమవారం నుంచి డ్రైవర్ని పెట్టాలని నిశ్చయించాం. "ఆ వయసులో కాలు చెప్పినట్టు వినదు లెండి" అన్నది నేనే. తెలివైన కోడల్ని కదా! ఆయన ఇడ్లీ ముక్కని చట్నీలో తిప్పుతూ, "నిజమేనేమోరా" అన్నారు కొడుకుతో. కసురుకున్నా బాగుండేది.

కాసేపయ్యాక, "ఆఖరిసారి షేక్‌పేటలో ఒకతనికి చూపిస్తాను, నువ్వూ రా అమ్మాయ్" అన్నారు. వెళ్లాను. పాత ఊళ్లో రేకుల షెడ్డు, నూనె తాగి నల్లబడ్డ నేల. మెకానిక్‌కి యాభై ఏళ్లుంటాయి. మేం చెప్పిందంతా విన్నాడు గానీ బానెట్ ఎత్తలేదు. ముందు సీట్లో కూర్చుని, "సార్, జర చౌరస్తా దాంక నడుపుండ్రి" అన్నాడు. నేను వెనక కూర్చున్నాను. చౌరస్తాలో ఇంజను ఠంచనుగా చచ్చింది. మామగారి మెడ వెనక చెమట పట్టింది. ఆ మనిషి రోడ్డు చూడలేదు, మీటర్లు చూడలేదు. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ తల వంచుకుని మామగారి పాదాలే చూస్తున్నాడు.

షెడ్డుకి వచ్చాక నన్నడిగాడు. "ఇంకెవరు నడుపుతరమ్మా?"

"మావారు. ఆయనకి ఆగదు."

"సిగ్నల్ కాడ ఎక్సలేటర్ మీద కాలు తీస్తడా?"

ఆలోచించాను. మావారు ఆగిన బండిని కూడా గుర్రుగుర్రుమనిపిస్తూనే ఉంటారు. "తియ్యరు" అన్నాను.

"గందుకే ఆగదు. సార్ పెట్రోల్ దండుగ కావొద్దని కాలు మొత్తం తీస్తడు. అప్పుడు ఇంజను తనంతట తాను నిలబడాలె. నిలబడ్తలేదు. సార్ కాలుకేం కాలేదు. గింత సాఫ్ కాలు ఈ దినాల్ల ఎవలకున్నది?"

మామగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నేను నేల చూశాను.

అప్పుడు బానెట్ ఎత్తాడు. పెట్రోలు కారుతోందేమోనని వాసన చూశాడు, అరచేత్తో తడిమాడు. ఇంజను ఆన్ చేయించి, ఆగిపోకుండా ఎక్సలేటర్ కాస్త తొక్కించి ఉంచి, షెడ్డులో ఫ్యాను ఆపించి, గోడ మీది దేవుడి పటం దగ్గర వెలుగుతున్న అగరుబత్తి తీసుకొచ్చాడు. అయిపోయింది, ఇక దిష్టి తీస్తాడు అనుకున్నాను. గుమ్మడికాయ కొట్టనిదే షూటింగు ముగియని చోట బతుకుతున్నాం మరి. అతను అగరుబత్తిని ఒక్కో పైపు పక్కనా మెల్లగా నడిపించాడు. పొగ నిటారుగా లేస్తోంది. ఇంకో పైపు దగ్గరా అంతే. బ్రేకుల వైపు వెళ్లే లావుపాటి పైపు కిందికి వచ్చేసరికి, ఆ పొగ ఉన్నట్టుండి వంగి, దారంలా సాగి, పైపులోకి వెళ్లి మాయమైపోయింది.

"పీలుస్తున్నది సూడుండ్రి. లోపలికి పోవొద్దన్న గాలి పోతున్నది. ఉరికేటప్పుడు ఇంజను తట్టుకుంటది, నిలబడ్డప్పుడు తట్టుకోలేదు" అంటూ బొటనవేలితో ఆ చోటు మూశాడు. వణుకుతున్న ఇంజను ఒక్కసారిగా కుదుటపడింది. వేలు తీస్తే వణుకు, పెడితే శాంతం. రోజంతా కంప్యూటర్ ముందు తప్పులు వెతకడమే నా ఉద్యోగం. కంటికి కనబడని గాలిని పట్టుకుని ఎదుట నిలబెట్టిన మనిషిని అంతవరకూ చూడలేదు. రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాలనిపించింది.

పైపుకి అడుగువైపున చిరుగు. "ఎలుక కొరికింది. తిండి లేంది ఎలుక ఎందుకొస్తది?" అని ఇంజను పక్క సందులో వేళ్లు పెట్టి గుప్పెడు తీశాడు. పసుపుపచ్చని బియ్యం, ఎండిన బంతిపూల రేకులు. దసరాకి ఆయుధపూజ నాడు బానెట్ తెరిపించి, శుభమా అని దోసిళ్లతో అక్షింతలు చల్లింది నేనే. చల్లింది ఇంజను మీద, మేలు జరిగింది ఎలుకకి.

మామగారు ఆ బియ్యం చూశారు, నన్ను చూశారు. తన రుమాలు పరిచి అంతా అందులో పోయించుకుని, బయట గోడ మీద పిచ్చుకలకి చల్లి వచ్చారు. "కొత్త పైపు వెయ్యి నాయనా" అన్నారు అంతే. ఇంటికొచ్చాక మావారు ఏమైందని అడిగితే, "ఎలుక కొరికిందిరా" అన్నారు. అక్షింతల మాట ఆ రోజు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. డ్రైవర్ని వద్దని చెప్పేశాం.

మరో ఆరేళ్లు ఆయనే నన్ను ఆఫీసులో దించారు. ఆ అక్షింతలు చల్లిందీ నేనే, మీ కాలుని తప్పుపట్టిందీ నేనే, క్షమించండి మామయ్యగారూ అని ప్రతి సిగ్నల్ దగ్గరా నోటిదాకా వచ్చేది. ఇంతలో పచ్చలైటు పడేది, ఆయన ఏదో బంగళా చూపించేవారు. ఒకరోజు సాయంత్రం పేపరు చదువుతూ కుర్చీలోనే వెళ్లిపోయారు. ఆయనకు వయసైపోయిందని అంత తొందరగా తీర్పు చెప్పినదాన్ని, నా ఒక్క మాటకి మాత్రం ఇంకా బోలెడు టైముందనుకున్నాను.