తడిగుడ్డ కింద తమ్ముడు

మా పాప టేబుల్ మీద పేపర్లు పరిచి మట్టి పిసుకుతుంటే, ఆ పచ్చి వాసన వంటింట్లకు వచ్చింది. చపాతీ ఒత్తుతున్న నా చేతులు ఆగిపోయినయి.

అప్పట్ల మేము నాంపల్లి స్టేషన్ వెనక గల్లీల రెండర్రల కిరాయి ఇంట్ల ఉండేటోళ్లం. రైలొస్తే గూట్ల గిన్నెలు గలగలమనేవి, ఎండాకాలమొస్తే ఇల్లంత మామిడికాయ తొక్కు వాసనే. నాకు పదేండ్లున్నప్పటి సెలవుల్ల అబిడ్స్‌ల మట్టిబొమ్మల క్లాసుకు పోయేదాన్ని. ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకం తెరిచి, మేకులు దిగిన ముఖాలు, కండ్లు లేని తలలు చూపెట్టి, ఇప్పటి కళ గిట్లుంటదని సారు మురిసిపోయేటోడు. "నున్నగ చెయ్యకుండ్రి. ఇంట్ల ఏది దొరికితే అది ఒత్తుండ్రి, గుచ్చుండ్రి" అన్నడు.

నేను రెండేండ్ల మా తమ్ముని ముఖం చేసిన. చెంపలకు జల్లెడ, నొసటికి దువ్వెన ఒత్తిన. తల చుట్టూ గుండుసూదులు గుచ్చి, పెదాలకు కుంకుమ పూసి, వాడు పండుకున్నప్పుడు కత్తిరించిన ఎంటికలు నడినెత్తిన అతికించిన. ఎంత గర్వమో నాకు!

తెల్లారి వాడు జ్వరంతో కాలిపోయిండు. మధ్యాహ్నానికి కండ్లు తేలేసిండు. అమ్మానాయిన ఆటోల దవాఖానకు ఉరికిన్రు. నాకు తోడుగ వచ్చిన ఇంటి ఓనరు అవ్వ, కిటికీల బొమ్మను చూసి రెండడుగులు ఎనక్కేసింది.

"ఎవలు చేసిన్రే ఇది? సూదులు, కుంకుమ, పిల్లగాని ఎంటికలు... అచ్చం బాణామతి లెక్కుంది!"

"ఏమో అవ్వా" అన్న.

ఆమె దిష్టి తియ్యనీకి నిమ్మకాయ కోసం తన ఇంట్లకు పోంగనే సూదులన్నీ పీకేసిన. బొక్కలు అట్లనే ఉన్నయి. బొమ్మను బకెట్ నీళ్లల్ల వేసిన. ముక్కు మెత్తబడి జారబట్టింది. మొత్తం కరిగిపోతే తమ్ముడేమైతడు? గబుక్కున తీసిన. ఆరుతదని మండుటెండల పెడితే చెవి పక్కన సన్నగ పగిలింది. ఇగ నాకు ఏడుపు ఆగలే. పగలకుండ తడిగుడ్డ కప్పాలని సారు చెప్పింది యాదికొచ్చి, గుడ్డ కప్పి, చెంబుతోని నీళ్లు చల్లుకుంట అవ్వకు కనవడకుండ మంచం కింద దాని పక్కనే కూసున్న. నిమ్మకాయతోని వచ్చిన అవ్వకు బొమ్మను పారేసిన అని చెప్పిన.

పొద్దుగూకేటప్పటికి తమ్ముడు అమ్మ భుజం మీద బిస్కెట్ నాకుకుంట వచ్చిండు. నేను ముందు వాని చెవి పట్టి చూసిన.

"ఏందే గట్ల చూస్తవ్?" అన్నది అమ్మ.

ఎవ్వలికీ చెప్పలే. బొమ్మను చాన్నాళ్లు తడిపిన. ఇల్లు మారినప్పుడు సామాన్ల ఎటు పోయిందో పోయింది. ఆ ఇల్లు గూడ లేదిప్పుడు, గాడ బండ్లు ఆపుకుంటున్నరు. తమ్మునికి జర జలుబు చేసిందన్నా నాకు ముందు ఆ బొమ్మే యాదికొస్తది, ఏడ ఎండిపోతుందో అని.

"మమ్మీ, ఇది మామ" అన్నది పాప మట్టి తల చూపెట్టి. "ఆదివారం మామ వస్తే జర ఎంటికలు కత్తిరించుకోనా?"

"వద్దు!" అని అరిచిన. పాప బిత్తరపోయింది. ఊలు దారం పెట్టుకొమ్మని బుజ్జగించి పంపిన.

పాప ఆడుకోనీకి పోయినంక, బొమ్మ మీద గుడ్డ తడిపి కప్పిన. పొద్దుగూకేటప్పటికి మూడుసార్లు తడిపిన.