గచ్చు వాటం

ఆ మధ్యాహ్నం తాండూరు షెడ్డులో ఉన్నవి: మా మేనమామ కొన్న పాత పెట్రోలు జీపు తాలూకు బాడీ, ఇంజను లేని ఒట్టి ఫ్రేము, దాని కింద నాలుగు ఇనుప స్టాండ్లు, వెల్డింగ్ మెషీను, గ్రైండరు, నా స్టీలు టేపు, నోటుపుస్తకం. ఉన్నవారు: మామ, షెడ్డు యజమాని, అతనికి పెద్దనాయన అయిన ముసలి వెల్డరు, బంపరు అతికించుకోవడానికి వచ్చిన బండల లారీ డ్రైవరు, నేను.

నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను. వికారాబాద్‌లో ఉంటాను. ఒక ఫ్యాక్టరీలో విడిభాగాలను కొలిచి, పనికొస్తాయో రావో రాయడం నా ఉద్యోగం. జీపును తిరిగి నిలబెట్టాలని మామ అనుకున్నప్పుడు, "అల్లుడా, కొలతలు గిట్ల నువ్వు సూస్కో" అన్నాడు. ఏడు పేజీల పట్టిక రాశాను. ఫ్రేము పొడవు దూలాలు రెండూ వెనక స్ప్రింగులు పట్టే చోట తుప్పు తిని పల్చబడ్డాయి. ఆ దూలాలకు ఒక పక్క తెరిచి ఉంటుంది. నాలుగు మిల్లీమీటర్ల పలకతో ఆ పక్కను మూసేస్తే పెట్టెలాగా అయి బలం వస్తుంది. ఆ పలకలు వేసింది ముసలాయన.

ఆయనకు కొద్ది నెలల కిందటే కంటి ఆపరేషన్ అయింది. షెడ్డు యజమాని మా ముందే అన్నాడు: "గీ ఫ్రేము సక్కగొస్తే వెల్డింగు హోల్డరు పెద్దనాయిన చేతులనే ఉంటది. రాకుంటే పెద్దేముల్‌ల ఇంటికాడ మనుమలను ఆడిచ్చుకుంట కూసోవాలె."

"నీ అయ్యకు వెల్డింగు నేర్పినోన్ని నేను. నాకే పరీక్ష వెడ్తున్నవారా?" అన్నాడు ముసలాయన. నవ్వుతూనే అన్నాడు గాని, నేను టేపు తీయగానే నవ్వు ఆపేశాడు.

ఫ్రేము నాలుగు మూలలకూ నేల నుంచి ఎత్తు కొలిచాను. ముందు ఎడమ 600 మిల్లీమీటర్లు, ముందు కుడి 606, వెనక ఎడమ 620, వెనక కుడి 626. మూడు స్టాండ్ల కింద ఇనుప ముక్కలు కూడా కనిపించాయి. వెల్డింగు వేడికి ఫ్రేము మెలితిరిగిందనీ, అది బయటపడకుండా కింద ముక్కలు పెట్టారనీ నిర్ణయించుకున్నాను. ముక్కలు ఎందుకని అడిగాను.

"వాటం జూస్కోనే నిలవెట్టిన సారు."

వాటం అంటే వీలు అనే నాకు తట్టింది. తన వీలు చూసుకుని పెట్టానంటున్నాడనుకున్నాను.

"మీ వాటం గాదు పెద్దయ్యా, నాకు కొలత గావాలె. కన్ను సక్కగ లేకుంటే ముందుగాల్నే చెప్పాలె."

"ఇగ ఇంటికాడ ఉల్లిగడ్డలు గోసుడే కాకా!" అన్నాడు లారీ డ్రైవరు. మామ నవ్వాడు. నేను కూడా నవ్వాను. ముసలాయన చేతి తొడుగులు ఒక్కొక్కటే తీసి మెషీను మీద పెట్టాడు. యజమాని గ్రైండరు అందుకుని పలకలు కోయడం మొదలుపెట్టాడు. ఒక పలక పూర్తయ్యేలోపే ముసలాయన వెళ్లిపోయాడు.

సాయంత్రం వికారాబాద్ రైల్లో కూర్చుని పట్టిక పూర్తి చేస్తూ, అలవాటు కొద్దీ ఎదురెదురు మూలల సంఖ్యలు కలిపి చూశాను. 600, 626 కలిపితే 1226. 606, 620 కలిపితే 1226. ఫ్రేము మెలితిరిగి ఉంటే ఈ రెండు మొత్తాలూ సమానం కావు. ఫ్రేములో మెలిక లేదు. వాలుగా ఉన్నది నేల. ఆ షెడ్డు ఇంతకుముందు బండలు పాలిష్ పట్టే యూనిట్. రోజంతా పారే నీళ్లు కాలువలోకి పోవడానికి గచ్చును ఒక మూలకు వాలుగా పరిచారు. మేస్త్రీలు దాన్నే వాటం అంటారు. మా మేడ కట్టినప్పుడు ఆ మాట నేనూ విన్నాను. నున్నటి బండలు చూసి నేల సమంగా ఉందనుకున్నాను. ముసలాయన నేల ఎక్కడ ఎంత దిగిందో అక్కడ అంత మందం ముక్కలు పెట్టి, ఫ్రేమును సమంగా నిలబెట్టాడు.

అప్పుడే ఫోన్ చేయాల్సింది. సిగ్నల్ ఉంది, నంబరు ఉంది. చేయలేదు.

మర్నాడు యజమానే చేశాడు. "ముక్కలు తీసేసి, పలకలు మళ్ల నేనే ఏసిన సారు. ఇప్పుడు నాలుగు దిక్కుల ఒక్కటే ఎత్తు. మీరు లేకుంటే మోసపోయేటోళ్లం."

"మంచిది" అన్నాను.

ఆ తర్వాత నాకు నేను చెప్పుకున్నవి రెండు. ఒకటి, జీపుకు నష్టం లేదు. రెండు, మామకు నష్టం లేదు. ముసలాయన సంగతి ఆ జాబితాలో చేర్చలేదు.

చివరికి ఒక ఆదివారం తాండూరులో షేర్ ఆటో ఎక్కి పెద్దేముల్ వెళ్లాను. ఆయన ఇంటి ముందు కూర్చుని కొడవలికి పిడి బిగిస్తున్నాడు. నోటుపుస్తకం తెరిచి మొత్తం చెప్పాను. ఆయన దాన్ని చూడనైనా లేదు.

"గది నాకెర్కలేదా సారు? నీళ్ల పైపు పట్టి మట్టం జూసింది నేనే గద."

"తప్పయింది పెద్దయ్యా."

"నాకు జెప్తే ఏమొస్తది? నా కన్ను పోయిందని నువ్వు ఈడ అన్లేదు. ఆడన్నవు. ఆడ జెప్పు."

మంచినీళ్లు ఇచ్చాడు. తాగి, మళ్లీ ఆటో ఎక్కాను.

షెడ్డులో కొత్త వెల్డరు పని చేస్తున్నాడు. అతని ముందే యజమానికి లెక్క చూపించి, తప్పు నాదని చెప్పాను. యజమాని మగ్గుతో నీళ్లు గచ్చు మీద పోశాడు. నీళ్లు నేరుగా కాలువ మూలకు పోయాయి.

"గియ్యాల జెప్తున్నవా సారు? ఈయనతోని ఏడాదికి మాట్లాడుకున్న" అన్నాడు. అయినా నా ముందే పెద్దనాయనకు ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి రమ్మన్నాడు.

"నాకు కండ్లు కానొస్తలేవు కొడుకా, యాడొస్త?" అని అటునుంచి ఫోన్ పెట్టేశాడు.

రైల్లో ఆ మొత్తాలు కూడిన సాయంత్రం నుంచి షెడ్డులో నోరు తెరిచిన రోజు వరకు పంతొమ్మిది రోజులు.