తప్పు నాదే బావా

మా మావయ్యకు ఒకటే జబ్బు. ఎక్కడ ఏ పొరపాటు జరిగినా అది తనదే అనేవాడు. పాలు విరిగినా, కరెంటు పోయినా, పాల వ్యాను ఆలస్యంగా వచ్చినా, పేడ గోతి వైపు నుంచి ఆయన గొంతు వినబడాల్సిందే. “తప్పు నాదే బావా.”

బావ అంటే మా నాన్న. మావయ్య అమ్మకు తమ్ముడు. పెళ్లీ పెటాకులూ లేకుండా మా ఇంట్లోనే ఉండిపోయి, మా ఆవులతోనే బతుకు వెళ్లదీశాడు. పాక పెద్దదేం కాదు. అటో వరుస, ఇటో వరుస ఆవులు, మధ్యలో సిమెంటు దారి, ఆ చివర దూడల గది, ఈ చివర క్యాన్లు కడిగే తొట్టి. క్యాన్లు కడగడం నా పని కాబట్టి, అక్కడ జరిగే భాగోతంలో ఏదీ నా కళ్ల నుంచి తప్పించుకునేది కాదు.

ఒకసారి ఆరబెట్టిన గడ్డి మీద వాన పడింది. నాన్న ఆకాశాన్ని తిట్టబోతుంటే మావయ్య అడ్డం వచ్చాడు. తాను గడ్డి ఆరేస్తే వాన రావడం ఖాయమట. ఆ సంగతి తెలిసి కూడా ఆరేశాడట. కాబట్టి పైవాడిని అని లాభం లేదట. నాన్నకు తిట్టుకోవడానికి ఆకాశం కూడా మిగలకుండా పోయింది.

ఇంకోసారి పొగరుది పశువుల డాక్టరును తన్నింది. పొగరుది అంటే మా నల్లావు. తన్నడంలో దానికి చిన్నా పెద్దా తేడా లేదు. డాక్టరు గోడ పట్టుకుని లేస్తుంటే మావయ్య వెళ్లి, ఆయన వస్తున్న సంగతి ఆవుకు ముందుగా చెప్పకపోవడం తన తప్పేనన్నాడు. తర్వాత పొగరుదాని దగ్గరికి వెళ్లి, గంగడోలు నిమురుతూ దానికీ అదే మాట చెప్పాడు. సూది మందు ఎవరికి వెయ్యాలో తెలియక డాక్టరు కాసేపు అలాగే నిలబడ్డాడు.

అన్నిటికంటే ఘోరం మచ్చలావు ఈనినప్పుడు జరిగింది. నాన్న పెయ్యదూడ కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూశాడు. తీరా చూస్తే కోడెదూడ.

“తప్పు నాదే బావా” అన్నాడు మావయ్య.

నాన్న నెమ్మదిగా వెనక్కి తిరిగాడు. “ఇందులో నీ తప్పేముందిరా?”

అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దూడల గదిలోకి వెళ్లిపోయింది. మావయ్యకు చెవులు ఎర్రబడ్డాయి. పెయ్యే పుడుతుందని బావకు లేనిపోని ఆశ పెట్టినందుకు అంటున్నానని సర్దుకున్నాడు గానీ, ఆ మాట పాల వ్యాను డ్రైవరు చెవిన పడనే పడింది. ఆ రోజు నుంచి మావయ్యకు ‘నాదేగారు’ అని పేరు స్థిరపడిపోయింది.

అమ్మకు మాత్రం ఇదంతా విడ్డూరంగా ఉండేది. “చిన్నప్పుడు వీడు తప్పు ఒప్పుకున్న పాపాన పోలేదు. కుండ వీడు పగలగొట్టి తన్నులు నాకు తినిపించేవాడు. ఈ వయసులో ఈ బుద్ధి ఎక్కణ్నుంచి ఊడిపడిందో” అనేది. మావయ్య నవ్వి, అప్పటి తప్పులకు వడ్డీ కడుతున్నానని మాట దాటేసేవాడు.

ఆయన పాలు పితకడం చూడాలి. చేతులు వేణ్నీళ్లలో ముంచి, పొదుగు తడిగుడ్డతో తుడిచి, చల్లగా తగిలితే ఏమనుకోవద్దని ఆవుకు చెప్పి గానీ కూర్చునేవాడు కాదు. పాలు చన్నుల్లోకి దిగడాన్ని చేపడం అంటారు. ఆవుకు మనసైతేనే చేపుతుంది, మన బలవంతం పనికిరాదు. పొగరుది మావయ్య చేతికి తప్ప ఇంకెవరికీ సరిగ్గా చేపేది కాదు. దాని కాళ్ల దగ్గర, బకెట్టు మోకాళ్ల మధ్య ఇరికించుకుని, దాని డొక్కకు తల ఆనించి కూర్చున్నప్పుడు మాత్రం మావయ్య నోట తప్పులూ ఒప్పులూ ఏవీ వచ్చేవి కావు. అంత సుఖంగా ఉన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

పాకకు అసలు యజమానురాలు మా నానమ్మ. ఒక్క ఆవుతో మొదలుపెట్టి ఈ సంసారాన్ని ఒడ్డుకు చేర్చిన మనిషి. ఆమె పీట మీద ఇంకెవరూ కూర్చోకూడదు. మోకాళ్లు అరిగిపోయినా పూటపూటా పితకాల్సిందే. “ఈ పీట మీద నుంచి లేపిన రోజున నన్నూ ఏ మూలనో పడెయ్యండి” అనేది. మావయ్యంటే ఆమెకు ఒళ్లు మంట. ఆయన చేతికీ బుర్రకూ పొత్తు కుదరలేదని ఆమె అభిప్రాయం.

మా పాకలో ఒక చట్టం ఉండేది. జబ్బు చేసి మందులు పడుతున్న ఆవు పాలు అమ్మకూడదు, తాగకూడదు. ఆ ఆవు వెనక్కాలికి ఎర్రగుడ్డ కట్టి, దాన్ని అన్నిటికంటే చివర వేరే బకెట్టులోకి పితికి, ఆ పాలు గోతిలో పారబోయాలి. అవి క్యానులో కలిశాయా, క్యాను మొత్తం గోతిపాలే. ఒక జీతగాడు ఈ పొరపాటు చేసినప్పుడు నాన్న ఆ పూటే వాణ్ని మానిపించేశాడు.

“మందు పాలు కలిపినవాళ్లెవరూ మళ్లీ ఈ పాకలో పొదుగు ముట్టకూడదు. మా అమ్మయినా సరే” అన్నాడు.

నానమ్మ పీట మీద నుంచే బాగా చెప్పావురా అంది. మావయ్య మాత్రం ఆమె వంక చూసి, ఏదో తప్పు చేసినవాడిలా తల దించుకున్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకు మచ్చలావుకు పొదుగువాపు వచ్చింది. ఎర్రగుడ్డ కట్టారు. ఆఖరున అమ్మ వేరే బకెట్టు పట్టుకుని దాని దగ్గర కూర్చుంటే పొదుగు వట్టిగా వేలాడుతోంది. అంటే ఎవరో అప్పటికే పితికి క్యానులో పోసేశారు. ఎవరని నాన్న అరిచాడు. నానమ్మ తన బకెట్టు కడుగుతోంది. పేడ తట్ట నెత్తిన పెట్టుకుని ఉన్న మావయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు.

“తప్పు నాదే బావా.”

బావమరిది కదా అని నాన్న ఆ పూటకు తిట్లతో సరిపెట్టాడు. కొన్నాళ్లకు మళ్లీ అదే జరిగింది, మళ్లీ అదే మాట వినబడింది. నానమ్మ కూడా నాలుగు తగిలించింది. ఎర్రగుడ్డ కంటికి ఆనని మనిషిని ఆవుల్లోకి ఎందుకు రానిస్తావని కొడుకును నిలదీసింది. నిజమే అత్తయ్యా అన్నాడు మావయ్య. ఇక ఈసారి నాన్న ఊరుకోలేదు. మావయ్య బకెట్టు తీసి మేకుకు తగిలించి, ఈ రోజు నుంచి పేడ, గడ్డి, నీళ్లు తప్ప ఇంకేదీ ముట్టవద్దన్నాడు.

మావయ్య ఆ మేకు వంక ఒకసారి చూసి చీపురు అందుకున్నాడు. అప్పటి నుంచి పొగరుదాన్ని అమ్మ పితికేది. అది చేపేది కాదు. మావయ్య దాని తల దగ్గర నిలబడి మెడ గోకుతూ, నీకు ఈ కష్టం తెచ్చిపెట్టింది నేనేలే అని బతిమాలితే అప్పుడు కాస్త చేపేది. అమ్మ పితుకుతున్నంతసేపూ ఆయన చేతివేళ్లు వాటంతట అవే ముడుచుకుని విచ్చుకునేవి.

పితకడం పోయింది గానీ తప్పులు పోలేదు. ఆవులు ఒకదాని చోట ఒకటి కట్టేసి ఉండేవి. పక్కదాని తొట్టిలో మేత ఉందని పోట్లాడుకునేవి. దూడ పలుపు ఊడి తల్లి దగ్గరికి పోయి పాలన్నీ తాగేసేది. ప్రతిదానికీ మావయ్యే. క్యాను మరోసారి పాడైనప్పుడు మాత్రం, నువ్వు పితకడమే లేదు కదరా అని నాన్న గట్టిగా అడిగాడు. పేడ ఎత్తేటప్పుడు ఎర్రగుడ్డ ఊడిపోయిందని, తిరిగి కట్టడం మర్చిపోయానని మావయ్య చెప్పాడు. అబద్ధం చెప్పేటప్పుడు ఆయన కళ్లు ఎప్పుడూ చూరు వైపు పోయేవి. ఆ రోజు మేమెవరం ఆయన కళ్లు చూడలేదు.

ఒక సాయంత్రం మావయ్య గడ్డి మోపు మీద కూర్చుని, అలాగే ఒరిగిపోయాడు. గుండె ఆగిపోయిందని ఊళ్లో డాక్టరు చెప్పాడు. బతికుంటే అది కూడా తన తప్పే అనేవాడు.

మావయ్య పోయాక పాకలో పని సాఫీగా సాగుతుందేమోనని ఏ మూలో అనుకున్నామేమో, పైకి మాత్రం ఎవరం అనలేదు. పొగరుది మెల్లిగా నానమ్మ చేతికి అలవాటు పడింది. కొన్నాళ్లకు దానికే జబ్బు చేసింది. ఎర్రగుడ్డ నాన్నే తన చేత్తో కట్టాడు. ఆ పూట ఆఖరున అమ్మ బకెట్టుతో వెళ్లి దాని దగ్గర వంగి, అలాగే ఉండిపోయింది. పొదుగు వట్టిది.

క్యాను నిండుగా ఉంది. నానమ్మ పక్కనే పీట మీద ఉంది. ఆమె ఎర్రగుడ్డ వంక చూసింది, తన బకెట్టు వంక చూసింది, మళ్లీ గుడ్డ వంక చూసింది. ఆ ముఖంలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు. మెల్లిగా ఆమె తల పేడ గోతి వైపున్న గుమ్మం కేసి తిరిగింది. ఆమెతో పాటు మేమందరం అటే చూశాం. గుమ్మంలో ఎవరూ లేరు.

ఇన్నాళ్లూ ఆ తప్పులెవరివో మాకు అప్పుడు తెలిసింది. అమ్మ గోడకు ఆనుకుంది. నాన్న మేకుకు వేలాడుతున్న మావయ్య బకెట్టు వైపు చూశాడు. రెండుసార్లు దగ్గాడు.

“తప్పు నాదేనమ్మా” అన్నాడు చివరికి. “గుడ్డ నీకు కనబడని వైపు కట్టాను.”

నానమ్మ ముఖంలోకి నెత్తురు తిరిగి వచ్చింది. “ఇంత వయసొచ్చింది, గుడ్డ కట్టడం చేతకాదట్రా నీకు? ఆ అబ్బాయి గాలి నీకూ సోకినట్టుంది” అని గొణుగుతూ బకెట్టు కడగడానికి లేచింది.

ఆ క్యాను నాన్నే స్వయంగా మోసుకెళ్లి గోతిలో పారబోశాడు. అమ్మ వెనకే వెళ్లింది. తమ్ముడి జబ్బు ఎప్పుడు మొదలైందో ఇప్పుడు గుర్తొస్తోందని చెప్పింది. ఒక పూట నానమ్మ ఆవులన్నిటినీ తారుమారుగా కట్టేసి, తర్వాత ఎవరు కట్టారంటూ తనే ఆశ్చర్యపోయిందట. ఆ పూటే మావయ్య నోట మొదటిసారి ఆ మాట వచ్చిందట. అటు తర్వాతే వానా, కరెంటూ, కోడెదూడా అన్నీ నెత్తిన వేసుకున్నాడు. అన్నిటికీ నాదే నాదే అనేవాడి మాటల్లో ఈ ఒక్కటీ ఎవరూ పట్టించుకోరని కాబోలు. మేం పట్టించుకోలేదు, నవ్వుకున్నాం.

“నా చేత్తో వాడి బకెట్టు తగిలించాను” అన్నాడు నాన్న.

మర్నాటి నుంచి మందులు పడే ఆవును నాన్న దూడల గదిలో కట్టించాడు. నానమ్మ పీట ఉన్నచోటే ఉంది. ఇంత చిన్న ఉపాయం ముందే తట్టి ఉంటే మావయ్య చివరి రోజు దాకా పొగరుదాని డొక్కకు తల ఆనించుకుని కూర్చునేవాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు మనసులో ఉండదు.

పాలు పారబోసిన ఆ పూట, నాన్న ఖాళీ క్యాను పట్టుకుని గోతి దగ్గర నుంచి వస్తుంటే వాన మొదలైంది. పెరట్లో గడ్డి ఆరేసి ఉంది. ముగ్గురం పరుగెత్తి పట్టా కప్పేలోపు సగం తడిసిపోయింది. నాన్న కళ్ల మీద నీళ్లు తుడుచుకుని ఆకాశం వైపు చూశాడు. తిడతాడనుకున్నాను.

“ఇది మాత్రం వాడి తప్పే” అన్నాడు.