వదిన దాచిన కంటి సూది

మరోదాలో ఉన్న పెద్దమ్మాయీ, నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? నందిని ఊళ్లో ఉన్న తమ్ముడూ, దగ్గు తగ్గిందా? పిల్లలకు జ్వరాలేమీ లేవు కదా? నా బెంగంతా కన్ను గురించే.

షుగరు వల్ల ఎడమ కంటి రెటీనాలో నీరు చేరిందని, సూది వేయాలని డాక్టరమ్మ చలికాలంలోనే చెప్పింది. ఎదురింటి కాంతమ్మ వదిన "సూదేత్తే కన్ను పోతాదే!" అని భయపెడితే మానేశాను. ఇప్పుడు ఆ కంటికి ఎవరి మొహమూ ఆనడం లేదు.

ఈ రోజు ఆసుపత్రికి వెళ్తే, కళ్లలో చుక్కలు వేయించుకుని వదినే కూర్చుని ఉంది. ఆ మందుకు చూపు మసకబారి నన్ను పోల్చుకోలేదు. పక్కన కూర్చుని "రామా, రామా" అనుకుంటుంటే, ఎవరో అనుకుని నాకే ధైర్యం చెప్పింది.

"భయమేటి దీదీ? నాను ఏడాదిగా ఏయించుకుంతన్నాను. సీమ కుట్టినట్టుంటాది, అంతే."

"మరి నా కన్ను పోతాదని ఎందుకన్నావు వదినా?" అన్నాను, హాలంతా వినిపించేలా.

"ఓలమ్మో, నువ్వేటే!" అని నోట కొంగు కుక్కుకుంది.

పోయిన చూపు రాకపోవచ్చట, సూదితో ఉన్నది నిలబెడతామంది డాక్టరమ్మ. మా క్యాంప్ 2 బస్తీలో ఇంటింటికీ వదిన సూది సంగతి చెబుతాను. తప్పంటారా?

సూదికి పిలిచేదాకా నా చెయ్యి పట్టుకుని కూర్చోవాలని వదినకు చెప్పాను. అందుకే గోళ్లు తీసుకోవడం మానేశాను. సూది వచ్చే మంగళవారం, పొద్దున్న తొమ్మిదికి.