పెద్దమ్మ చేతులు, హీరోయిన్ ముఖం

మా పెద్దమ్మ చేతులను ఒకసారి రాష్ట్రమంతా చూసింది. ముఖాన్ని మాత్రం కోరుట్ల దాటి ఎవరూ చూడలేదు. ఇందులో ఆమె తప్పేమీ లేదు, ముఖం తప్పు అసలే లేదు. ఒక సినిమా వారపత్రికకు ముఖం ఒకరిదీ చేతులు ఒకరివీ కావలసి వచ్చాయి, అంతే.

తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజులు. నేను జగిత్యాలలో ఒక ఆఫీసులో గుమాస్తాను, సమ్మెలో ఉన్నాను. ఆఫీసులో నేను ఎంత పని చేసేవాడినో సమ్మె మొదలయ్యాక గాని తెలిసిరాలేదు. నాలుగు రోజులు గడిచినా నా ఒంటికి తేడా కనిపించలేదు. పొద్దున శిబిరంలో కూర్చుని గొంతు పోయేదాకా నినాదాలిచ్చి, మధ్యాహ్నానికి బండి మీద కోరుట్లలో పెద్దమ్మ ఇంటికి పోయేవాడిని. ఆమె వాకిట్లో పదిమంది ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చేసేవారు. నాకు అక్కడ ఉద్యోగం దొరికింది. సినిమా పత్రిక గట్టిగా చదవడం. తునికాకు మీద నుంచి చూపు తీస్తే కత్తెర వేలు మీదికి వస్తుంది కాబట్టి వాళ్ళకు ఖాళీగా ఉండేవి చెవులొక్కటే. జీతం రెండు పూటలా చాయ్. సర్కారు ఉద్యోగం కన్నా శ్రద్ధగా చేశాను.

ఆ పత్రికను తయారు చేసేవాడి తెలివికి ఇప్పటికీ దండం పెడతాను. అట్ట మీద ఒక హీరోయిన్, పక్కన అరచేయంత అక్షరాల్లో ‘రహస్య వివాహం?’ ఆ ప్రశ్న గుర్తు ఒక్కటే కొడవలంత ఉండేది. లోపల పదిహేనో పేజీలో ఆవగింజంత అక్షరాలతో ‘అదేం లేదని ఆమె నవ్వేశారు’ అని రాసి ఉండేది. వాకిట్లో ఒక్కరు కూడా మోసపోయామనుకోలేదు. జరగని ఆ పెళ్ళికి కట్నమెంత, వంటలేమిటి, అత్త ఎట్లాంటిది అని సాయంత్రందాకా మాట్లాడుకునేవారు.

“ఆమె ఎంత బరువున్నదట?” అని అడిగింది పెద్దమ్మ ఒకరోజు.

“యాభై రెండు కిలోలు. మూడు తగ్గిందట.”

“మరి హీరో?”

పేజీ తిరగేశాను. “ఆయన బరువు రాయలే. కొత్త సినిమా గురించి రాసిండ్రు.”

“గట్లెట్ల? ఆయనను తూస్తే కాంటా ఇరుగుతదా?”

ఆ పత్రికలో ఆడవాళ్ళకు నడుములూ విడాకులూ ఉండేవి, మగవాళ్ళకు సినిమాలుండేవి. పేదవాళ్ళు ఒకే చోట కనిపించేవారు. హీరోయిన్ దుప్పట్లు పంచే ఫోటోలో, దుప్పటి వెనకాల.

పెద్దమ్మకు సిరిసిల్లలో ఒక ఆడిబిడ్డ ఉండేది, పెదనాన్నకు అక్క. వాళ్ళింట్లో నాలుగు సాంచాలు ఆడేవి. మరమగ్గాలను అక్కడ అట్లాగే అంటారు. నాలుగు సాంచాలంటే ఆవిడ దృష్టిలో నాలుగు రాజ్యాలు. సినిమా పత్రిక ఇంటికే తెప్పించుకునేది, అందులో ఏది రాసుకోమంటే అది ముఖానికి రాసుకునేది. ఎనిమిదేళ్ళ కింద తన పెద్ద బిడ్డ పెళ్ళిలో పసుపు దంచేటప్పుడు, మేనమామ భార్యగా రోకలి అందరికన్నా ముందు పట్టవలసిన మా పెద్దమ్మను ఆవిడ పదిమందిలో ఆపేసింది. “నీ చేతులు తంబాకు వాసనొస్తయే. పసుపుల కలుస్తది. నువ్వు గా కుర్చీల కూసో.” పెద్దమ్మ కూర్చుంది. ఆ కుర్చీ రంగు, దానికి విరిగిన కాలు ఏదో కూడా ఆమెకు ఇప్పటికీ జ్ఞాపకమే. ఇప్పుడు చిన్న బిడ్డ పెళ్ళి కుదిరింది.

ఉద్యమంలో అందరూ తమ పనిని రోడ్డు మీదికి తెచ్చి చేసేవారు. ఒకరు రోడ్డు మీద గడ్డాలు గీశారు, ఒకరు బట్టలుతికారు, ఇంకొకరు వంటలు వండి వడ్డించారు. రోడ్డు మీద జరగని పని ప్రయాణం ఒక్కటే. మా వాళ్ళు బీడీలు చేశారు. నా కళ్ళకు లక్షమంది కనిపించారు, పెద్దమ్మ కళ్ళకు రెండు వాడకట్టుల వాళ్ళు కనిపించారు.

మద్దతు తెలపడానికి హైదరాబాదు నుంచి ఒక హీరోయిన్ వచ్చింది, వెంట ఆ వారపత్రిక ఫోటోగ్రాఫర్. ఆమె నేరుగా పెద్దమ్మ పక్కన కూర్చుని చాట ఒళ్ళోకి తీసుకుంది. మొదటి ఆకు చిరిగింది. రెండోది చిరిగింది. మూడోదానికి తుమ్ములు మొదలై చాటలో తంబాకు సగం గాలికి పోయింది, ఆ రోజు అటువైపు ఊళ్ళన్నీ తుమ్మి ఉంటాయి.

“బిడ్డా, నువ్వు నవ్వుకుంట కూసో. నేను చేస్త,” అంది పెద్దమ్మ.

ఆమె నవ్వుతూ కూర్చుంది. పాపం, మంచి పిల్ల. ఫోటోగ్రాఫర్ రెండు ఫోటోలు తీశాడు. రెండోదానికి పెద్దమ్మ మీదికి వంగి, “అమ్మా, చేతులు కొంచెం ముందుకు పెట్టండి. ముఖం వద్దు,” అన్నాడు.

ఆ సాయంత్రమే పెద్దమ్మ సిరిసిల్లకు ఫోన్ చేసింది. “వదినె, పుస్తకంల నా ఫోటువ వస్తంది.”

“నీదా? దేనికే, తప్పిపోయినవా?”

“హీరోయిన్ పక్కన కూసున్న.”

“రానియ్యి చూద్దాం. వస్తే ముందుగాల నువ్వే పసుపు దంచు. రాకుంటే కుర్చీ ఏపిస్త.”

బస్సులు బందయ్యాయి. పత్రిక రావడం ఆగిపోయింది. రోజూ జగిత్యాల బస్టాండులో పుస్తకాల దుకాణం ముందు నిలబడేవాడిని. దుకాణదారుకు నన్ను చూస్తేనే జ్వరం వచ్చేది. “సార్, తెలంగాణన్న ముందుగాల వస్తది గని మీ పుస్తకం రాదు,” అన్నాడు ఒకరోజు. చివరికి టమాటల బండిలో ఒక కట్ట వచ్చింది. పేజీ పేజీకీ టమాట రసం. కోరుట్లదాకా బండి ఆపకుండా ఉరికించాను.

మొదటి ఫోటోలో హీరోయిన్ చాట పట్టుకుని నవ్వుతోంది. ఆ పక్కన మా పెద్దమ్మ ఉంది, జాకెట్టు చేతి నుంచి భుజం దాకా. అక్కడితో పత్రిక అంచు వచ్చేసింది. రెండో ఫోటో పేజీలో సగం. బీడీ చుడుతున్న రెండు చేతులు. కింద ‘తామర తూడుల్లాంటి హీరోయిన్ వేళ్ళు’ అని రాశారు. పక్కన ఒక డబ్బా కట్టి ‘ఆ చేతుల నునుపు వెనక రహస్యం’ అని పన్నీరు, గ్లిజరిన్, నిమ్మరసం పాళ్ళతో సహా ఇచ్చారు.

వాకిట్లో పది చాటలూ ఆగిపోయాయి. పెద్దమ్మ పేజీ పక్కన తన చేతులు పెట్టి చూసింది. “చేతులు నావే. రంగు వాళ్ళది,” అంది.

నిజమే. మణికట్టు మీది పచ్చబొట్టు లేదు, కత్తెర కాయలు లేవు, తంబాకు నలుపు లేదు. గోళ్ళు గులాబి రంగుకు తిరిగాయి. ఇరవై ఏళ్ళుగా ఆ చేతుల ఎదురుగా కూర్చున్న ఆడవాళ్ళు కూడా అవి పెద్దమ్మవేనని ఒట్టేసి చెప్పలేకపోయారు.

రెండు రోజులకు ఆడిబిడ్డ ఆటో కట్టించుకుని పెళ్ళికి పిలవడానికి వచ్చింది. ఆటో దిగకముందే పన్నీరు వాసన వచ్చింది. చంకలో అదే పత్రిక.

“గిదేనా నీ ఫోటువ? భుజం?”

“చేతులు సుత నావే, వదినె.”

“అబద్ధానికన్న అంతుండాలె. గీ చేతులను చూసి నేను పూటకో నిమ్మకాయ రాస్తున్న. గివి నీవా?”

పెద్దమ్మ ఆ రోజు చేసిన బీడీ కట్టలు సంచిలో వేసుకుని, “నడువు వదినె, టేకేదారుకు ఇచ్చి వద్దాం,” అంది. నేను పత్రిక పట్టుకుని వెనక నడిచాను.

టేకేదారు అంటే కంపెనీ తరఫున ఆకూ తంబాకూ ఇచ్చి బీడీలు తీసుకునే మనిషి. తెల్లగడ్డం సాబ్, కళ్ళద్దాలకు దారం. కట్ట విప్పి, బాగా లేని బీడీలను చూడకుండానే వేళ్ళతో ఏరి పారేసేవాడు. కోరుట్లలో ఎక్కువ బీడీలు పారేయించుకున్న రికార్డు మా పెద్దమ్మదే. రోజూ ఆ బీడీ మంచిదేనని ఆమె, కాదని ఆయన, అంగడంతా వినేలా కొట్లాడుకునేవారు.

నేను ఏమీ చెప్పకుండా పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాను. ఆయన హీరోయిన్ వైపు చూడలేదు. అట్లాంటి మగవాడిని నేను మళ్ళీ చూడలేదు. సూటిగా చేతుల ఫోటో దగ్గర ఆగి, అలవాటు కొద్దీ కాగితం మీది బీడీని రెండు వేళ్ళతో తీసి పారేయబోయాడు.

“ఏందమ్మా, మళ్ళ గదే కథనా? తల ఎడమకు పడ్డది. దారం మెడకు కట్టుమంటే నడుముకు కట్టినవ్. గీ బీడీ నడువది.”

“నాదని ఎట్ల చెప్తవ్ సాబ్?” అంది పెద్దమ్మ నెమ్మదిగా. “కింద హీరోయిన్ అని రాసిండ్రు.”

“ఎవలదన్న రాసుకోనియ్యి. ఇరవై ఏండ్ల సంది ఏరి పారేస్తున్న, నాకు తెల్వదా?”

పత్రిక వాళ్ళు చేతులను కడిగారు గాని, బీడీని కడగడం మరిచిపోయారు.

ఇరవై ఏళ్ళలో మొదటిసారి పెద్దమ్మ తన బీడీ తరఫున కొట్లాడలేదు. “అవు సాబ్, పాడు బీడీ. జర గట్టిగ చెప్పు, మా వదినెకు ఇనవడాలె.”

ఆడిబిడ్డ ఒకసారి ఫోటో చూసింది, ఒకసారి పెద్దమ్మ చేతులు చూసింది, చివరికి తన చేతులు కొంగు కింద పెట్టుకుంది.

పెళ్ళికి మూడు రోజుల ముందు సిరిసిల్లలో పసుపు దంచారు. నాలుగు సాంచాలూ ఆపేశారు. ఆడిబిడ్డే రోకలికి కంకణం కట్టి తెచ్చింది. ఇవ్వబోయి ఆగి, “ఒకపారి చేతులు కడుక్కో,” అంది.

“దేనితోని వదినె? పన్నీరుతోనా, నిమ్మకాయతోనా?”

రోకలి పెద్దమ్మ చేతిలోకి వచ్చింది. మొదటి దెబ్బ పడబోతుండగా పెళ్ళి ఫోటోగ్రాఫర్ ముందుకు ఉరికి, ఆమె చేతుల మీదికి వంగాడు.

పెద్దమ్మ రోకలిని గాల్లోనే ఆపింది.

“ముందుగాల మొకం తియ్యి,” అంది. “చేతులు యాడికి పోవు.”