రక్తం పూసిన విమానం

మా మావ నెల్లిమర్ల జూటు మిల్లులో పనిచేసేవాడు. అమ్మకు ఒక్కడే తమ్ముడు. నాకు పదకొండేళ్ళు నిండిన ఏడాది, ధాన్యం ఇళ్ళకు చేరాక, అతని దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. విజయనగరంలో పెద్ద ఎగ్జిబిషన్ పెట్టారనీ, అందులో యుద్ధంలో కూలిన విమానాన్ని గుడారంలో నిలబెట్టి చూపిస్తున్నారనీ, ఇప్పుడు చూడకపోతే మళ్ళీ చూడలేమనీ రాశాడు. విమానమంటే అప్పటికి నాకు ఆకాశంలో మెరుస్తూ పోయే చుక్క, దాని వెనకాల వచ్చే చప్పుడు, అంతే. ఆ ఉత్తరాన్ని మూడుసార్లు పైకి చదివాను.

నాన్న పొలం పని ఉందని రానన్నాడు. వస్తాడని ఎవరూ అనుకోని మనిషి తాత. అమ్మ వాళ్ళ నాన్న. భావనపాడు పక్కనే వాళ్ళ ఊరు. పెసర తీతకి సాయంగా ఉంటాడని ఆ నెల మా ఇంటికి వచ్చి ఉన్నాడు. సినిమాకి పిలిచినా, తీర్థానికి పిలిచినా కదలని మనిషి, ఉత్తరం విని "నానూ వస్తాను" అన్నాడు.

"నీకెందుకు నాన్నా, ఆ జనంలోన నలిగిపోతావు" అంది అమ్మ.

"ఆ గుంటడు అందులోన ఎలాగ కూకుండీవోడో సూడాల."

ఏ కుర్రాడి గురించో నాకు అర్థం కాలేదు.

కోటబొమ్మాళిలో పొద్దున్నే పాసెంజరు ఎక్కాం. తాత కిటికీ పక్కన కునుకు తీస్తుంటే అమ్మ చెప్పింది. యుద్ధం రోజుల్లో భావనపాడు దగ్గర సముద్రంలో ఒక విమానం పడిపోయిందట. మూడో రోజు ఒక తెల్లవాడి శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. కేసుల్లో ఇరుక్కుంటామని ఎవరూ దగ్గరికి పోలేదు. ఎండుచేపల కోసం బండి కట్టుకుని వెళ్ళిన తాత, ఇద్దరు చేపలవాళ్ళ సాయంతో శవాన్ని పైకి లాగి, తన పైపంచె కప్పి, బండిలో వేసుకుని టెక్కలి దాకా తీసుకెళ్ళి ఆఫీసర్లకు అప్పగించాడు. మీసం కూడా సరిగా రాని కుర్రాడట. ఇంటికొస్తే అమ్మమ్మ తాతని గుమ్మం ఎక్కనివ్వలేదు. ఎవరిదో ఏ మతానిదో తెలియని పీనుగను ముట్టుకున్నాడని పేడనీళ్ళు పోసి స్నానం చేయించింది. బండిలోని గడ్డి తగలబెట్టించింది. పది రోజులు పశువులశాలలోనే తిండి.

"నానే అట్టుకెళ్ళి పెట్టీదాన్ని. ముక్కు మూసుకుని దూరంగా పెట్టీసి పరిగెట్టీసీదాన్ని. సిన్నదాన్ని కదా, అసయ్యమేసీది" అంది అమ్మ. అంటూ తాత వైపు చూసి గొంతు తగ్గించింది.

ఆ రాత్రికి నెల్లిమర్లలో మావ ఇంట్లో దిగాం. మర్నాడు పొద్దున్న బస్సులో విజయనగరం వెళ్ళాం. మావ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, జేబులో దువ్వెన పెట్టుకున్నాడు. మిల్లులో తన పైవాళ్ళు కూడా ఈ రోజే వస్తున్నారని దారి పొడుగునా చెప్పాడు.

ఎగ్జిబిషన్‌లో అన్నిటికంటే పొడుగైన వరస ఆ గుడారం ముందే ఉంది. లోపలికి అడుగు పెట్టకముందే వాసన కొట్టింది. తడిసిన గోనె, ఉచ్చ, మల్లెపూల నూనె, అన్నీ కలిసి ఎండకు ఉడికిన వాసన. అన్నిటి కింద ఇంకో వాసన ఉంది. అదేమిటో నాకు తెలుసుననిపించింది కాని గుర్తు రాలేదు. అమ్మ చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. మా ముందున్న ఆయన వరసలోనే నిలబడి కాళ్ళ దగ్గర కిళ్ళీ ఉమ్మాడు. దాన్ని తొక్కుకుంటూనే అందరం ముందుకు జరిగాం.

లోపల విమానం ఉంది. ఒక రెక్కే ఉంది. రెండో రెక్క చోట రేకులు కొట్టి రంగు వేశారు. తోకను తాళ్ళతో గుంజకు కట్టారు. రేకు కనిపించిన ప్రతి చోటా జనం మేకులతో పేర్లు గీశారు, బాణం గుచ్చిన గుండెలు గీశారు. రెక్క కింద ఒకావిడ తన పిల్లను కూర్చోబెట్టి దొడ్డికి పోయిస్తోంది. పక్కవాళ్ళు చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని దాటుతున్నారు తప్ప ఒక్కరూ ఏమీ అనలేదు.

ముందు సీట్లో బట్టలకొట్టు బొమ్మ ఒకటి కూర్చుని ఉంది. ఖాకీ చొక్కా, తోలు టోపీ. ముఖానికి సున్నం లాంటి తెల్లరంగు. తల ఒక పక్కకి వాల్చారు. గడ్డం నించి పొట్ట దాకా ఎర్రగా రక్తం కారి గడ్డకట్టి ఉంది. దాని మీద ఈగలు. అన్ని ఈగల్ని ఒకచోట నేనెప్పుడూ చూడలేదు. చొక్కా కదులుతున్నట్టు కనిపించింది.

గుడారం ఆసామి చేతిలో బెత్తం పట్టుకుని అరుస్తున్నాడు. "సూడండి బాబూ సూడండి! పైలెట్టు దొర పేనం పోయిన సోటు! ఎక్కండి, పక్కన కూకోండి, ఫొటో దిగండి!" నిచ్చెన వేసి ఉంది. ఆడవాళ్ళు కెవ్వుమంటూ ఎక్కుతున్నారు, దిగి నవ్వుకుంటూ మళ్ళీ వరసలో నిలబడుతున్నారు. ఒకాయన బొమ్మ నోట్లో బీడీ పెట్టాడు. గుడారమంతా నవ్వింది.

"ఒసే, నువ్వూ ఎక్కు" అని మావ నన్ను చంకలకింద చేతులు వేసి నిచ్చెన మీదికి ఎత్తాడు. నేను ఎక్కాను. ఇష్టం లేకుండా ఎక్కానని ఇప్పుడు చెప్పుకోవచ్చు, కాని అది అబద్ధం. బొమ్మ పక్కన కూర్చున్నాను. ఎవరూ చూడకుండా చూపుడు వేలితో ఆ ఎర్రటి దాన్ని తాకాను. జిగటగా ఉంది. పెట్టెలోకి తలపెట్టిన ఫొటో ఆయన నవ్వమన్నాడు. నవ్వాను.

కిందికి దిగేసరికి తాత నిచ్చెన దగ్గరికి వచ్చాడు. బొమ్మ వైపు చాలాసేపు చూశాడు. ఆయన ముక్కుపుటాలు కదిలాయి.

"ఇదేటిది?" అన్నాడు ఆసామితో.

"రత్తం తాతా."

"దేని రత్తం?"

ఆసామి దగ్గరికి వంగి, నవ్వుతూ, మా వరకే వినిపించేటట్టు చెప్పాడు. "రోజూ పొద్దున్నే యాట రత్తం తెప్పిస్తన్నాం. రంగేస్తే ఈగలు రావు కదేటి. ఈగలుంటేనే జనాలు నమ్ముతారు."

అప్పుడు గుర్తొచ్చింది నాకు ఆ వాసన. మాంసం కొట్టు ముందు తెల్లవారుజామున వచ్చే వాసన. నా వేలు కళ్ళ ముందు పెట్టుకుని చూసుకున్నాను.

తాత నిచ్చెన ఎక్కాడు. ఫొటో దిగడానికే అనుకుని ఆసామి దారి ఇచ్చాడు. తాత భుజం మీది తువ్వాలు తీసి, బొమ్మ నోట్లోని బీడీ లాగి పారేసి, దాని ముఖం తుడవడం మొదలుపెట్టాడు. నెమ్మదిగా, జ్వరం వచ్చిన పిల్లకి తుడిచినట్టు తుడిచాడు. ఈగలు లేచి జనం మీద పడ్డాయి. మొదట అందరూ నవ్వారు. తరవాత వెనకనించి కేకలు మొదలయ్యాయి. "ఒరే, ముసిలోడు పాడుసేస్తన్నాడు! టికెట్టు తీసుకున్నాం మేం!"

"ఏటి సేస్తన్నావు? సెయ్యి తియ్యి!" ఆసామి బెత్తం ఎత్తాడు.

తాత అతని వైపు తిరిగి మామూలు గొంతుతో అన్నాడు. "రత్తం నేదు. ఆడి ఒంటిమీద సుక్క రత్తం నేదు. నీళ్ళు కడిగీసినాయి. నాను సూసినాను."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఒకాయన "పిచ్చోడు" అన్నాడు. మావ పరిగెత్తి వచ్చి తాత చొక్కా పట్టుకుని కిందికి లాగాడు. "ఎలిపోదాం రా నాన్నా, మా మిల్లోళ్ళు సూస్తన్నారు!" దిగేటప్పుడు తాత కాలు జారింది. పట్టుకోవడానికి ఒక్కరూ చెయ్యి చాపలేదు. తువ్వాలుకున్న ఎరుపు అంటుకుంటుందని అందరూ వెనక్కి జరిగారు. నేనూ జరిగాను.

బయట కుళాయి దగ్గర తాత చేతులు కడుక్కుంటుంటే మావ ఆపకుండా తిట్టాడు. "రేపు మిల్లులోన మొకం ఎలాగ సూపించాల? బొమ్మకి సేవలు సేస్తావేటి? అప్పా, నువ్వయినా సెప్పు!" అని అక్క వైపు తిరిగాడు.

అమ్మ తాత చేతిలోంచి తువ్వాలు తీసుకుని, చతికిలబడి, కుళాయి కింద తనే ఉతికింది. ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకోలేదు.

మావ ఇంటికి తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మా కోసం అత్త యాటమాంసం వండి పెట్టింది. తాత మజ్జిగ పోసుకుని రెండు ముద్దలు తిన్నాడు. నేను కంచం ముందునుంచి లేచి పెరట్లో కక్కుకున్నాను. మావ మాత్రం కోపంగానే, ఎముకలు చీకుతూ, వేళ్ళు నాకుతూ కడుపునిండా తిన్నాడు. ఆ చీకిన చప్పుడు ఇప్పటికీ నాకు గుర్తుంది. మావ చెడ్డవాడు కాదు. నా పెళ్ళికి అందరికంటే ఎక్కువ చాకిరీ చేసింది అతనే. అయినా ఆ తరవాత అతని పంక్తిలో కూర్చుని తినాలంటే నాకు ఎప్పుడూ ఇబ్బందిగానే ఉండేది.

అసలు రోత నామీద నాకే, ఇంటికి వచ్చాక జరిగినదానికి.

బడిలో విమానం చూసినది నేనొక్కదాన్నే. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే ఆడపిల్లలందరూ నా చుట్టూ చేరేవాళ్ళు. ఎలా ఉందో చెప్పమనేవాళ్ళు. రెక్కల గురించి చెబితే ఎవరూ వినలేదు. రక్తం గురించి చెబితే నోళ్ళు తెరిచి విన్నారు. మొదటి రోజు ఉన్నది చెప్పాను. రెండో రోజు బొమ్మ కాదు, నిజం శవమేనన్నాను. మూడో రోజు ఆ శవానికి కన్ను ఒకటి ఊడి వేలాడుతోందన్నాను. మేకరక్తమని నాకు తెలుసు. ఆ ఒక్క మాటా చెప్పలేదు, చెబితే వాళ్ళు లేచి వెళ్ళిపోతారు.

ఆదివారం మా అరుగు మీద నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టుకుని మళ్ళీ చెబుతున్నాను. కన్ను దగ్గరికి వచ్చేసరికి ఒకమ్మాయి "ఛీ" అని కళ్ళు మూసుకుంది. నాకు ఎంత సంతోషం వేసిందో. తల తిప్పితే తాత గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పెసర కట్ట భుజం మీద ఉంది. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు.

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. నన్ను చూసిన చూపు గుడారంలో ఆసామిని చూసిన చూపే. కట్ట దించి, గోడవారగా పెట్టి, కాళ్ళు కడుక్కోవడానికి నూతి వైపు వెళ్ళిపోయాడు.